మొహానికి యాభై కేబీలు

నోటిఫికేషన్ పడింది. పండగే పండగ. కోచింగ్ సెంటర్లకు పండగ. పేపర్లకు పండగ. వికారాబాద్, తాండూరు బస్టాండ్ల చుట్టుపక్కల నెట్ సెంటర్లకైతే దసరా, దీపావళి ఒక్కరోజే. నిరుద్యోగికి మాత్రం పరీక్ష. రాత పరీక్ష అనుకున్నారా? అది తర్వాత. ముందు మొహం పరీక్ష. చెప్పండి, మీ మొహం ఎన్ని కేబీలు?

నవ్వకండి. ఈ దేశంలో పౌరుడి మొహానికి అధికారిక తూకం ఉంది. బ్యాంకు కొలువుల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వారి నిబంధనలు తీసి చూడండి. ఫొటో 200 పిక్సెళ్ల వెడల్పు, 230 పిక్సెళ్ల ఎత్తు. బరువు 20 నుంచి 50 కేబీలు. సంతకం 140 బై 60. బరువు 10 నుంచి 20 కేబీలు. ఎడమ బొటనవేలి ముద్ర 240 బై 240. బరువు 20 నుంచి 50. ఇవి చాలవన్నట్టు సొంత దస్తూరీతో ఓ హామీపత్రం, అదీ ఇంగ్లీషులోనే. 800 బై 400. బరువు 50 నుంచి 100. అన్నీ జేపీజీలే. ఇంకో ఫార్మాట్ పేరెత్తితే గడప తొక్కనివ్వరు.

బిడ్డకు వేలిముద్ర వేసే గతి పట్టొద్దనే కదా అమ్మానాన్నలు కందులమ్మి డిగ్రీ చదివించింది? డిగ్రీ పట్టుకుని పోతే బ్యాంకువాళ్లు అడిగిందేమిటి? బొటనవేలు! పైగా సంతకం 20 కేబీలు దాటకూడదు. వేలిముద్రకు 50 దాకా చనువిచ్చారు. ఒకరి బదులు ఇంకొకరు పరీక్ష రాయకుండా ఉండటానికేలెండి, ఆమాత్రం తెలుసు. అయినా చదువుకున్న సంతకం కంటే చదువులేని వేలికి రెండున్నర రెట్లు చోటిచ్చిన ఘనత మాత్రం మన డిజిటల్ యుగానిదే.

ఏదో ఒక్క పోర్టల్ గోల కాదిది. ఒకచోట 50 లోపు. ఒకచోట 100 లోపు. ఇంకోచోట 200 దాకా పర్లేదు. ఒకరికి తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఒకరికి ‘లేత రంగు’. ఒకరికి పిక్సెళ్లు, ఒకరికి సెంటీమీటర్లు. తెర మీది బొమ్మను సెంటీమీటర్లలో కొలవమంటే ఏమిటి అర్థం? స్కేలు తెచ్చి మానిటర్ మీద పెట్టాలా? ఇంకొందరు ఇంకో మెట్టు ఎక్కుతారు. ‘200 డీపీఐ ఉండాలి’ అంటారు. పిక్సెళ్ల లెక్క ముందే ఖరారయ్యాక డీపీఐకి పనేముంది? అది ప్రింటర్‌కు చెప్పే ముచ్చట. తెరకు దాంతో సంబంధం లేదు. రాసినవాడికి తెలియదు. చదివేవాడికి భయం. మధ్యలో నెట్ సెంటర్‌కు గిరాకీ.

అసలు ప్రశ్నకొద్దాం. ఫోన్‌తో దిగిన ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. దాన్ని 50 కేబీలకు కుదించే పని ఎవరిది? సర్వర్‌కు చేతకాదా? భేషుగ్గా చేతనవును. ఇమేజ్‌మ్యాజిక్ అనే సాఫ్ట్‌వేర్ 1990 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. దానికి ఒక్క వరుస ఆదేశం చాలు. ఏ ఫార్మాట్‌లో ఫొటో వచ్చినా తీసుకుంటుంది, కోరిన కొలతకు కుదిస్తుంది, కోరిన ఫార్మాట్‌లో దాచిపెడుతుంది. ఒక ప్రోగ్రామర్‌కు ఒక మధ్యాహ్నం పని. ఆ ఒక్క మధ్యాహ్నం పనిని లక్షల మంది నెత్తిన రుద్దారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. దీనికి పెట్టిన పేరేమో ఈ-గవర్నెన్స్!

చోటు సరిపోదేమో అంటారా? లెక్క కట్టుకుందాం. ఒక్కొక్కరి నాలుగు ఫైళ్లూ గరిష్ఠంగా 220 కేబీలు. పది లక్షల మంది దరఖాస్తు చేశారనుకుందాం. మొత్తం 220 జీబీలు. 256 జీబీల మెమరీ కార్డు ఒక్కటి చాలు. గోరంత ఉంటుంది. తాండూరు బజార్లో ఏ సెల్ షాపులో అడిగినా ఇస్తాడు. పోనీ అసలు కుదించనే లేదు, నాలుగేసి ఎంబీల ఫొటోలు ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నారు. నాలుగు టీబీలు. ఒక హార్డ్ డిస్క్. ఐబీపీఎస్ దరఖాస్తు ఫీజు జనరల్, ఓబీసీ అభ్యర్థికి 850 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 175. ఆ డబ్బుల్లో ఒక హార్డ్ డిస్క్ రాదా? ‘చివరి రోజు అందరూ ఎగబడతారు, సర్వర్ కూలిపోతుంది’ అంటారు. ఇప్పుడు కూలడం లేదా స్వామీ? 50 కేబీలకు కుదించి, పిండి, ఎండబెట్టి పంపినా చివరి రోజు చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా?

ఇక నెట్ సెంటర్‌లోకి రండి. పెద్దేముల్ నుంచి ఒక అమ్మాయి బస్సెక్కి తాండూరు వచ్చింది. సాయంత్రం ఐదింటికి గడువు.

“అన్నా, ఫొటో ఎక్కుతలేదే.”

“ఏ ఫోన్‌ల దిగినవ్ చెల్లె?”

“మా వదినె తమ్ముని ఐఫోన్‌ల.”

“గట్లనే అయితది. అది హెచ్ఈఐసీ. నాకు వాట్సాప్‌ల పెట్టు. జేపీజీ అయి వస్తది.”

ఈ హెచ్ఈఐసీ ఏమిటంటే, 2017లో యాపిల్ కంపెనీ తన ఐఫోన్లలో దింపిన ఫార్మాట్. అదే నాణ్యత, జేపీజీలో దాదాపు సగం సైజు. చూశారా చోద్యం? పోర్టల్ ఏడుపంతా సైజు గురించే. తక్కువ సైజులో ఎక్కువ నాణ్యత ఇచ్చే ఫైల్ గుమ్మం దాకా వస్తే ‘నువ్వు చెల్లవు పో’ అంటుంది. సరే, వాట్సాప్ దాన్ని జేపీజీ చేసింది. చేస్తూ చేస్తూ నాణ్యత నమిలేసింది. ఆ నమిలినదాన్ని మనవాడు కత్తిరించి మళ్లీ సేవ్ చేశాడు. ఇంకాస్త పోయింది. సైజు ఇంకా 62 కేబీలు. ఇంకోసారి నలిపాడు. 48. హమ్మయ్య! అప్‌లోడ్ నొక్కితే ‘జేపీజీ ఫైళ్లు మాత్రమే స్వీకరించబడును’. ఇదేందిరా నాయనా అని చూస్తే, ఫైల్ పేరు చివర జేపీజీ అని మూడక్షరాలు కాకుండా జేపీఈజీ అని నాలుగున్నాయి. రెండూ ఒకటే. నూటికి నూరు పాళ్లూ ఒకటే. పాతకాలపు డాస్ కంప్యూటర్లలో ఫైల్ పేరు తోకకు మూడక్షరాలకు మించి చోటు లేక ‘ఈ’ ఎగిరిపోయింది, అంతే సంగతి. ఆ డాస్ ఎప్పుడో పోయింది. దాని దినాలు మాత్రం మన పోర్టళ్లు ఇంకా చేస్తూనే ఉన్నాయి.

ఇంకో విచిత్రం వినండి. ఫైల్ లోపల ఏముందో చూడని పోర్టళ్లున్నాయి. తోకే చూస్తాయి. హెచ్ఈఐసీ ఫైల్‌కు పేరు మార్చి జేపీజీ తోక తగిలిస్తే ‘రండి, దయచేయండి’ అంటాయి. రసీదు కూడా వస్తుంది. హాల్‌టికెట్ తీశాక చూస్తే ఫొటో గడిలో శూన్యం. ఇప్పుడు తప్పెవరిది? అభ్యర్థిదే. ‘సరైన ఫొటో అప్‌లోడ్ చేయని దరఖాస్తులు తిరస్కరించబడును’ అని పదహారో పేజీలో రాశారు కదా, చదువుకోలేదా?

పెద్ద సైజుకే కాదు, చిన్న సైజుకూ శిక్ష ఉంది. సంతకం 10 కేబీలకు తగ్గకూడదట! 140 బై 60 అంటే 8,400 పిక్సెళ్లు. తెల్ల కాగితం మీద నల్ల గీత. ఒక్కో పిక్సెల్‌కు ఒక్క బిట్ చాలు, నలుపా తెలుపా అంతే. అసలేమీ కుదించకపోయినా ఆ సంతకం మొత్తం ఒక్క కేబీ. దానికి పది కేబీలు తెమ్మంటారు. ఎక్కడినుంచి తేవాలి? అందుకే నెట్‌లో ఫొటో సైజు తగ్గించే సైట్ల పక్కనే సైజు పెంచే సైట్లు కూడా వెలిశాయి. ఉన్న సంతకానికి లేని బరువు ఎక్కిస్తాయి. ఫొటో లావైతే కొయ్యి. సంతకం బక్కదైతే మేపు. ఈ రెండు పనులకూ కలిపి నెట్ సెంటర్‌లో బిల్లు. ఇదండీ ఉద్యోగార్థి తొలి ఖర్చు.

ఇందులో జేపీజీ చేసిన పాపం ఏమీ లేదు. దాన్ని తిట్టకండి. తిడితే మనవాళ్లను తిట్టుకున్నట్టే. బెంగళూరులో పుట్టి అమెరికా వెళ్లిన నాసిర్ అహ్మద్ అనే ప్రొఫెసర్ 1972లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ఓ ప్రతిపాదన పంపాడు. బొమ్మలోని సమాచారాన్ని కుదించే గణిత పద్ధతి. డబ్బు ఇవ్వలేదు. ఎందుకంటే ఆలోచన మరీ సులువుగా ఉందట! పని చేసే ఆలోచన సులువుగా ఉంటే పెద్ద ఆఫీసులకు నచ్చదు. అది అమెరికా అయినా అంతే, అనంతగిరి అయినా అంతే. ఆయన ఆగలేదు. శిష్యుడు నటరాజన్, మిత్రుడు కె.ఆర్. రావులతో కలిసి 1974లో పరిశోధన పత్రం అచ్చువేశాడు. ఆ కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పి, 2021లో కన్నుమూశాడు. ఆ ముగ్గురూ తయారుచేసిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామే జేపీజీ గుండెకాయ. 1986లో ఏర్పడ్డ నిపుణుల బృందం దాని మీద కట్టిన ప్రమాణం 1992లో బయటికొచ్చింది. మీ ఫోన్‌లో వచ్చే ప్రతి ‘గుడ్ మార్నింగ్’ గులాబీ వెనకా కామిశెట్టివారి కష్టం ఉంది. ఏ చౌరస్తాలో ఆయన బొమ్మ చూశారు? పోనీ ఏ పాఠంలో ఆయన పేరు చదివారు?

జేపీజీ చేసే పని చాలా తెలివైన పని. బొమ్మను తాండూరు బండలు పరిచిన వరండాలా ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలో మెల్లగా మారే వెలుగును భద్రంగా ఉంచుతుంది. గబగబా మారే సన్నటి వివరాన్ని పారేస్తుంది. మన కన్ను వెలుగునీడలను పట్టినంత బాగా రంగుల తేడాను పట్టదు. కాబట్టి రంగుల్లోనూ కోత పెడుతుంది. చెంపలు, ఆకాశం, కోట్‌పల్లి చెరువు నీళ్లు, ఇలా నునుపుగా మారేవాటికి దీన్ని మించింది లేదు. సగం సమాచారం పోయినా కంటికి తెలియదు. కానీ అక్షరం? గీత? ముద్ర? నలుపు పక్కనే తటాలున తెలుపు. అదే కదా జేపీజీ పారేసే ‘గబగబా మారే వివరం’? అందుకే జేపీజీలో అక్షరాల చుట్టూ బూడిద రంగు దుమ్ము లేస్తుంది. సేవ్ చేసిన ప్రతిసారీ ఆ దుమ్ము పెరుగుతుంది. పోయింది తిరిగి రాదు.

ఇలాంటివాటికోసమే పీఎన్‌జీ పుట్టింది. అది పుట్టిందే కోపంతో. 1987లో కంప్యూసర్వ్ కంపెనీ జిఫ్ అనే ఫార్మాట్ తెచ్చింది. 256 రంగులే అయినా అందరూ వాడుకున్నారు. జనం బాగా అలవాటు పడ్డాక, 1994 చివర్లో, దాని లోపలి కుదింపు పద్ధతి మీద పేటెంట్ మాది, పైసలు కట్టండి అని యూనిసిస్ కంపెనీ లేచింది. ప్రోగ్రామర్లకు ఒళ్లు మండింది. మీ సొమ్ము మీరే ఉంచుకోండి అని 1995లో కొత్త ఫార్మాట్ రాసుకున్నారు. 1996 అక్టోబరు కల్లా అది వెబ్ ప్రమాణమైంది. ఒక్క పిక్సెల్ కూడా పోదు. వెనక భాగాన్ని పారదర్శకంగా ఉంచవచ్చు. సంతకానికి, స్టాంపుకు, నక్షాకు, స్క్రీన్‌షాట్‌కు సరైన మొగుడు. కానీ మన పోర్టల్‌లో సంతకం పీఎన్‌జీలో పెట్టి చూడండి. ఎర్రక్షరాలతో తరిమేస్తుంది. గీతను ఖరాబు చేసే ఫార్మాట్ మాత్రమే కావాలి దానికి.

సంతకం మసకబారితే ఉద్యోగం పోవచ్చు. భూమి పత్రం మసకబారితే? ఇక్కడే నవ్వు ఆగిపోతుంది.

2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లా అయింది. బోర్డులు మారాయి. భూమి మారలేదు, భూమి పంచాయితీ అసలే మారలేదు. తాండూరు వైపు నేల పైన కంది. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నేల కింద బండ. పైనా డబ్బే, కిందా డబ్బే. అందుకే గుంట తేడా వచ్చినా తలకాయలు పగులుతాయి. ఆ తలకాయలకు ఆధారం ఏమిటి? కాగితాలు. 1954-55 ఖాస్రా పహాణీ. నిజాం నాటి సేత్వార్. చీకిపోయిన టీపన్. రైతు వాటిని ట్రంకుపెట్టెలోంచి తీసి తెస్తే ఏం చేస్తారు? ఫోన్‌తో వంకరగా ఫొటో. వాట్సాప్. కుదింపు. మళ్లీ కుదింపు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది, డప్పులు కొట్టారు. 2025లో భూభారతి వచ్చింది, మళ్లీ డప్పులు కొట్టారు. రైతు కాగితం మాత్రం ఇప్పటికీ సైజు కోసం నలుగుతూనే ఉంది.

మన సర్వే నంబర్ల తీరు తెలుసు కదా? 86/అ ఒకరిది, 86/ఆ ఇంకొకరిది. అన్నదమ్ములే. మాటల్లేవు. రెండు అక్షరాలకూ మధ్య తేడా ఒక చిన్న వంపు. ఆ వంపు నాలుగైదు పిక్సెళ్లు ఉంటుంది. జేపీజీని నాలుగుసార్లు నలిపితే ఆ వంపు ఏమవుతుంది? దుమ్మవుతుంది. అన్న పొలమేదో తమ్ముడి పొలమేదో ఎనిమిది బై ఎనిమిది గడి తేలుస్తుంది. ఏ తహసీల్దారూ అక్కర్లేదు.

అతిగా చెబుతున్నానా? అయితే జర్మనీ సంగతి వినండి. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లాన్‌ను జిరాక్స్ కంపెనీ మిషన్‌లో స్కాన్ చేశాడు. కాగితంలో మూడు గదులు, మూడు వేర్వేరు విస్తీర్ణాలు. స్కాన్‌లో చూస్తే మూడు గదులకూ ఒకే అంకె: 14.13 చదరపు మీటర్లు! మసకబారలేదు. ముచ్చటగా, స్పష్టంగా, తప్పుగా ఉంది. కారణం జేబిగ్2 అనే కుదింపు పద్ధతి. ఒకేలా కనిపించిన అంకెలను ఒకటే అనుకుని, ఒకదాని బదులు ఇంకోదాన్ని అతికిస్తుంది. 6 కాస్తా 8 అవుతుంది. తక్కువ నాణ్యత సెట్టింగ్‌లో ఇలా జరగొచ్చని ముందే హెచ్చరించాం కదా అని కంపెనీ మొదట దులుపుకుంది. మిగతా సెట్టింగుల్లోనూ జరుగుతోందని తేలాక సాఫ్ట్‌వేర్ సరిదిద్దింది. అది జర్మనీ. అంకెను అంకెతో పోల్చి చూసుకునే మనిషి ఉన్నాడు కాబట్టి బయటపడింది. మన రికార్డు గదుల్లో కట్టలకు కట్టలు స్కాన్ చేసే కాంట్రాక్టర్‌కు డబ్బులిచ్చేది దేనికి? పేజీల లెక్కకా, అంకెల లెక్కకా? స్కాన్‌ను అసలుతో పక్కపక్కన పెట్టి చూసే ఉద్యోగి పేరు ఏ టెండర్‌లో రాశారో చూపించండి.

పరిష్కారం లేదా? పాతికేళ్లు కాదు, నలభై ఏళ్లుగా ఉంది. ఫ్యాక్స్ మిషన్ల కోసం 1984లో గ్రూప్-4 అనే పద్ధతి వచ్చింది. 1986లో ఆల్డస్ కంపెనీ టిఫ్ ఫార్మాట్ తెచ్చింది. రెండూ కలిపితే నల్లా తెల్లా కాగితం ఒక్క గీత పోకుండా, చాలాసార్లు వంద కేబీల లోపే ఇమిడిపోతుంది. జేపీజీ కంటే చిన్నది, జేపీజీ కంటే నిజమైనది. అయినా ఎవరికి కావాలి? డ్రాప్‌డౌన్‌లో జేపీజీ ఒక్కటే రాసి ఉంటే ఆపరేటర్ మాత్రం ఏం చేస్తాడు?

ఇక సర్కారువారు మనకు పంపే కాగితాల సంగతి. జీవో ఎలా పుడుతుందో చూడండి. కంప్యూటర్‌లో టైప్ చేస్తారు. అంటే అప్పటికి అది అక్షరం. వెతకొచ్చు, కాపీ చేయొచ్చు, గుడ్డివారి ఫోన్ చదివి వినిపించొచ్చు. ఆ తర్వాత ప్రింట్ తీస్తారు. సంతకం పెడతారు. స్టాంపు వేస్తారు, సరిగ్గా ముఖ్యమైన వాక్యం మీద. స్కానర్‌లో వంకరగా పెడతారు. ఆ బొమ్మను పీడీఎఫ్ అనే కవర్‌లో దోపి సైట్‌లో పడేస్తారు. అక్షరాన్ని కష్టపడి బొమ్మ చేశారు! చూపులేని పౌరుడి ఫోన్‌కు ఆ జీవోలో కనిపించేది ఖాళీ కాగితం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును స్వాగతిస్తూ మనవాళ్లు సర్క్యులర్ జారీ చేస్తే, దాన్నీ ప్రింట్ తీసి, స్కాన్ చేసి, వంకరగా పెట్టరని హామీ ఇవ్వగలరా?

ఈ పొదుపంతా ఎవరి దగ్గర? అది తేల్చాలి. అనంతగిరి రోడ్డు మీద నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చూడండి. పది అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల వెడల్పు. అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన 8,640 బై 17,280. ప్రింటింగ్ రంగులు నాలుగు. మొత్తం దాదాపు 600 ఎంబీలు. 50 కేబీల లెక్కన అది ఎంతమంది మొహాలు? సుమారు పన్నెండు వేలు. ఒక్క నాయకుడి మీసం, చేయి ఊపు, ఆ కింద వరసగా అనుచరుల తలకాయలు... అన్నీ కలిసి పన్నెండు వేల మంది నిరుద్యోగుల చోటు తినేశాయి. ‘అన్యాయం, నాయకుడిది కుదించకుండా లెక్క వేశావు, వాళ్లది కుదించి లెక్క వేశావు’ అంటారేమో. అదే కదా నేను చెబుతున్నది! ఒకరిని కుదించరు, ఇంకొకరిని కుదించకుండా వదలరు.

ఆ ఫ్లెక్సీ కొట్టే షాపులో ‘అన్నా, నాయకుని ఫొటో జేపీజీలో 50 కేబీది ఉంది’ అని చెప్పి చూడండి. నవ్వుతాడు. ‘గది గోడ మీద పేడ తీర్గ కనిపిస్తది. పీఎన్‌జీ తే, లేకపోతే పీఎస్‌డీ తే’ అంటాడు. బొమ్మ ఎక్కడ కుదించాలో ఎక్కడ కుదించకూడదో రాష్ట్రంలో తెలిసింది ఆ ఫ్లెక్సీవాడికి ఒక్కడికే. ఐటీ శాఖ ఓసారి ఆయన దగ్గర ట్రైనింగ్‌కు పోవచ్చు.

ఇంతకీ సర్కారుకు కొత్త ఫార్మాట్లు తెలియవా? తెలియకేం. ఆధార్ క్యూఆర్ కోడ్‌లో మీ ఫొటో దాగి ఉంటుంది. అది జేపీజీ కాదు, జేపీజీ 2000. వేరే గణితం, వేరే జాతి. సినిమా హాళ్లలో డిజిటల్ సినిమాను నడిపించేదీ అదే. ఒక చిన్న గడిలో మొహాన్ని ఇమడ్చాల్సిన అవసరం తమకే వచ్చినప్పుడు మంచి ఫార్మాట్ వెతికి తెచ్చుకున్నారు. మన అవసరానికి మాత్రం 1992 నాటిదే, 50 కేబీల లోపు.

ఆధార్‌లో నా మొహం ఉంది. రేషన్‌కార్డు దగ్గర ఉంది. ఓటరు కార్డులో ఉంది, అది నాదేనా అన్న అనుమానం ఉన్నా. డ్రైవింగ్ లైసెన్స్‌లో ఉంది. 2015లో డిజీలాకర్ అని పెట్టి ‘ఇక కాగితాలు మోయక్కర్లేదు’ అన్నారు. మరి ప్రతి నోటిఫికేషన్‌కూ మళ్లీ నా మొహమే ఎందుకు అడుగుతారు? ఆర్నెల్ల కిందటి మొహానికి ఏమైనా గడువు తీరిందా? మార్చాలనుకుంటే మార్చలేనిది కాదిది. 2024లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ తన కొత్త సైట్‌లో ఫొటో అప్‌లోడ్ ఎత్తేసింది. అప్పటికప్పుడు కెమెరాతో తీసుకుంటోంది. కేబీల గోల అది చూసుకుంటుంది. ఒకరు చేయగలిగింది మిగతావాళ్లకు ఎందుకు చేతకాదు? పాపం, అదే కమిషన్ సంతకాన్ని మాత్రం ఇంకా 10 నుంచి 20 కేబీల జేపీజీలోనే అడుగుతోంది. పాత అలవాటు ఒక్కసారిగా పోతుందా?

విదేశాలను పొగడాలని లేదు గానీ, మనవాళ్లు వేలమంది క్యూ కట్టే అమెరికా వీసా దరఖాస్తు చూడండి. అక్కడా జేపీజీయే. చతురస్రంగా ఉండాలి, 600 నుంచి 1,200 పిక్సెళ్లు, 240 కేబీల లోపు. మన దేశంలో ఉద్యోగం అడిగే మొహానికి 50. దేశం వదిలి పోతానంటే 240. పొమ్మనే వాళ్లకన్నా రమ్మనే వాళ్లే మేలు.

ఈ చాదస్తంలో అసలు ప్రమాదం వేరే ఉంది. ‘ఫొటోను 20 కేబీలకు తగ్గించడం ఎలా’ అని వెతికితే వందల ఉచిత సైట్లు వస్తాయి. ఎవరివి? ఏ దేశానివి? ఎవరికీ పట్టదు. కుర్రాళ్లు వాటిలో ఎక్కిస్తున్నవి పువ్వుల బొమ్మలు కావు. ఆధార్ కార్డు, సంతకం, బొటనవేలి ముద్ర! ఒక మనిషి పేరుమీద మోసం చేయాలంటే ఇంకేం కావాలి? 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. చట్టం చేసిన చేత్తోనే జనాన్ని ఆ సైట్ల వైపు తోలుతున్నారు. సర్వర్‌లో ఒక్క వరుస రాయడానికి బద్ధకించి, జనం వేలిముద్రలను ఊరి మీదికి వదిలేశారు.

నెట్ సెంటర్ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, ధైర్యముంటే. యాలాల, బషీరాబాద్, ధారూర్, పరిగి, అందరి మొహాలూ అక్కడే. ‘ఫొటో ఫైనల్’, ‘ఫొటో ఫైనల్ 2’, ‘సైన్ 20కేబీ’, ‘బొటనవేలు కొత్తది’. ఇవన్నీ తీసెయ్యవా అన్నా అని అడిగితే ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. “తీసేస్తే ఎట్ల సార్? అప్పుడు దిగినాయన మళ్లొచ్చే నోటిఫికేషన్‌కు గదే ఫొటో అడుగుతడు. తీసి పెడ్త.” పౌరుడి ఫొటో ఒకసారి తీసుకుని, దాచి, రెండోసారి అడగకుండా పని చేసిపెట్టే ఆఫీసు జిల్లా మొత్తంలో అదొక్కటే. దానికి తాళం లేదు, చట్టం లేదు. ఫీజు ముప్పై రూపాయలు.